ఏ-ప్లస్ మాహాత్మ్యం

తెర పైన కుడి మూలన మూడు చిన్న గడులు: ఏ-మైనస్, ఏ, ఏ-ప్లస్. పక్కన చక్రాల కుర్చీ బొమ్మ. సర్కారు వెబ్‌సైటు తెరిస్తే తరచుగా ముందు జరిగేది వీటి దర్శనమే. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడితే దిష్టి పోయినట్టు, సైటుకు ఇవి కడితే చట్టం పీడ విరగడవుతుందని మనవాళ్ళ నమ్మకం.

ఏ-ప్లస్ నొక్కితే అక్షరం పెరుగుతుంది. కంట్రోలు, ప్లస్ మీటలు కలిపి నొక్కినా పెరుగుతుంది. ఆ పని బ్రౌజరు ఎప్పటినుంచో ఊరికే చేస్తోంది. అసలు చూపే లేనివారికి అక్షరం ఆవగింజంత ఉంటేనేం, తాటికాయంత ఉంటేనేం?

మా విజయవాడ సత్యనారాయణపురంలో ఒక సంగీతం మాస్టారున్నారు. పుట్టుకతో చూపు లేదు. కంప్యూటరులో ఎన్వీడీఏ పెట్టుకున్నారు. ఆస్ట్రేలియాలో తనకూ చూపులేని మైఖేల్ కర్రన్ అనే కుర్రాడు 2006లో మొదలుపెట్టి, ధర కట్టకుండా లోకానికి ఇచ్చేసిన స్క్రీన్ రీడరు అది. తెర మీద రాసి ఉన్నది చదివి వినిపిస్తుంది. రాసి ఉండాలి, అంతే. మొన్నొక దరఖాస్తు పని మీద ఆయన పక్కన కూర్చున్నాను. ఏ శాఖ సైటో చెప్పను. చెబితే మిగతా శాఖలవాళ్ళు హాయిగా నిద్రపోతారు.

"గ్రాఫిక్. ఐఎంజీ అండర్‌స్కోర్ 2047 డాట్ జేపీజీ" అంది కంప్యూటరు.

"ఎవర్రా ఈయన?" అన్నారు మాస్టారు.

"మంత్రిగారండి."

"మళ్ళీ ఇంకో జేపీజీ వచ్చిందే?"

"అదీ ఆయనేనండి. దండ మారింది."

ఆ తర్వాత వరసగా బటన్, బటన్, బటన్. ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి. బెంజి సర్కిల్లో కొత్తవాణ్ణి నిలబెట్టి నాలుగు దిక్కులకూ "అటు, అటు" అని వేలు చూపించినట్టుంది. ఆ బటన్ల వెనక "సమర్పించు" అనో "వెనక్కి" అనో పేరు రాసి పెడితే ఎన్వీడీఏ చక్కగా చదువుతుంది. రాసేలోపు ప్రోగ్రామరుగారి టీ కూడా చల్లారదు.

తెలుగు కాగితాల కథ మరీ రసవత్తరం. యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది 1991లో. మనం మాత్రం ఉత్తర్వును కంప్యూటరులోనే టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది, మళ్ళీ స్కాన్ చేసి, కాస్త వంకరగా పీడీఎఫ్ ఎక్కిస్తాం. అది కాగితానికి తీసిన ఫొటో. అందులో స్క్రీన్ రీడరుకు ఒక్క అక్షరమూ దొరకదు. స్కాన్ చేయకుండా నేరుగా ఎక్కించినవి ఇంకో రకం. డీటీపీ వాళ్ళ పాత ఫాంట్లు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు కోడ్ల నెత్తిన కూర్చోబెట్టాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం డాలరు గుర్తులు, బ్రాకెట్లు, ఎక్కడివో ఫ్రెంచి అక్షరాలు. మాస్టారు ఒకటి వినిపించారు. మంత్రం చదివినట్టే ఉంది, అర్థం ఏ పురోహితుడూ చెప్పలేడు.

దరఖాస్తు చివర బొమ్మలో వంకర అక్షరాలు. మీరు రోబో కాదని రుజువు చేసుకోండి అంది సైటు. "పొద్దస్తమానం రోబో గొంతు వింటూ చస్తున్నది నేనైతే, అనుమానం నామీదా!" అన్నారాయన. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు మొత్తుకుంటుంది. ఇలాంటి సైటుతో పనిపడితే మాస్టారు దాన్ని ఏలూరు రోడ్డులోని నెట్ సెంటరు కుర్రాడికే చెప్పాలి, పైగా చార్జీ ఇచ్చి.

గుడ్డెద్దు చేలో పడింది, గుడ్డి గుర్రానికి పళ్ళు తోమారు, గుడ్డి కన్నా మెల్ల మేలన్నారు. చూపులేనివారికి మన సామెతల్లో దొరికిన చోటు మన సైట్లలో దొరకలేదు. పేరు మాత్రం పెంచాం. 2015 డిసెంబరులో ప్రధాని రేడియోలో సూచించాక వికలాంగులు దివ్యాంగులయ్యారు. దివ్యదృష్టి ఎలాగూ ఉంటుందన్న ధీమాతోనే కాబోలు, బొమ్మలకు పేర్లు రాయడం మానేశారు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షను ఎలక్ట్రానిక్ సమాచారం దివ్యాంగులకూ అందే రూపంలో ఉండాలంటుంది. మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా పదివేలకు మించదు. బీసెంట్ రోడ్డులో ఒక మంచి పట్టుచీరకు చాలదు. పైగా ప్రమాణాలను సిఫార్సుల్లా రాసుకున్నారు. హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళ నివేదికను ముందు పెట్టుకుని, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు సిఫార్సులు చాలవు, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలు తెండని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమంది. ఆ కేసుకు మూలం, యాసిడ్ దాడికి గురై కళ్ళార్పలేని మనిషిని కేవైసీ కోసం కళ్ళార్పమనడం.

తీర్పులు ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళలాంటివి. హెడ్ లాకు దగ్గర నిండుగానే ఉంటాయి. అక్కడి మట్టం చూసి శివారుదాకా నీరందిందని రిజిస్టరులో రాసే లస్కరుంటే నాగాయలంక రైతు నారుమడి ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మన ఆడిట్లూ హోమ్ పేజీ లాకు దగ్గరే ఆగుతాయి. దరఖాస్తు పేజీ శివారు భూమి.

"ఎంతమంది వాడతారండీ?" అని అడుగుతారు పెద్దలు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. వాళ్ళలో ఒకరి కథ చూడండి. బందరు దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌ను, చూపు లేదు గనక, పదో తరగతయ్యాక సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకెళ్ళి చదివి, అమెరికాలో ఎంఐటీకి వెళ్ళి, వచ్చి కంపెనీ పెట్టాడు. 2024లో ఆయన మీద సినిమా వస్తే కళ్ళు తుడుచుకుంటూ చూశాం. మెట్లు మాత్రం అలాగే ఉంచాం, ఇంకొకరు ఎక్కితే ఇంకో సినిమా తీయవచ్చని.

ఈ మధ్య ఇంకో తాయెత్తు దిగింది. ఒక్క లైను కోడు అతికిస్తే సైటంతా అందరికీ అందుబాటులోకి వస్తుందట. ఇలాంటి మాటలే చెప్పి అమ్మిన యాక్సెసిబీ అనే కంపెనీని అమెరికా వాణిజ్య కమిషను 2025 జనవరిలో పట్టుకుని పది లక్షల డాలర్లు కట్టమంది. తాయెత్తుకు మాత్రం గిరాకీ తగ్గినట్టు లేదు.

మాస్టారి దరఖాస్తు వెళ్ళలేదు. పేజీ అడుగున "ఇబ్బంది ఎదురైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఉంది. నంబరు కూడా బొమ్మలోనే ఉంది. నేను చదివి వినిపిస్తే ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు.

"సర్లే అబ్బాయ్, ఆ ఏ-ప్లస్ ఒకసారి నొక్కు" అన్నారు మాస్టారు. "ఇందాకటినుంచి చిన్నగా కనపడటం లేదు. ఇక పెద్దగా కనపడకుండా ఉంటుంది."