దస్తూరి

ఆయన తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పదిన్నరకు కుర్చీలో కూర్చుంటే దస్తావేజులు వరసగా వచ్చిపడేవి. అమ్మకాలు, తనఖాలు, అన్నదమ్ముల పంపకాలు. స్టాంపుల విలువ, నాలుగు దిక్కులా హద్దులు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షుల సంతకాలు చూసేవాడు. అన్నీ సరిగా ఉన్నా, చివర్న దస్తూరి ఎవరిదో రాసి లేకపోతే కాగితం వెనక్కి నెట్టేవాడు.

"రాసినవాడి పేరు లేని రాత ఏం రాతయ్యా?"

పొలం కొనుక్కున్న రైతు బయటికి పరుగెత్తి, అరుగు మీద కూర్చున్న లేఖరి చేత పేరు రాయించుకుని వచ్చేవాడు. అప్పుడే ఆ కాగితం ముందుకు కదిలేది.

సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, టీవీ ముందు కూర్చునేవాడు. కొత్త సినిమాల జోలికి పోడు. ఏ చానల్లో ఏ పాత సినిమా వస్తుందో పొద్దున్నే పేపర్లో చూసి గీత పెట్టుకునేవాడు. విజయా వారిదైతే రెండు గీతలు.

టైటిల్స్ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఎన్టీ రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి పేర్లు వచ్చి వెళ్లిపోయేవి. ఆయన కదిలేవాడు కాదు. రాసినవారి పేరు పడగానే వేలెత్తి చూపించేవాడు. 'మిస్సమ్మ'కు మాటలు చక్రపాణి. 'గుండమ్మ కథ'కు డి.వి. నరసరాజు. 'మాయాబజార్'కు పింగళి నాగేంద్రరావు.

"ఈయన రాయకపోతే ఘటోత్కచుడి నోట్లో మాట ఎక్కడిదిరా?" అని మనవణ్ణి అడిగేవాడు.

ఒక్కోసారి చానల్ వాళ్లు టైటిల్స్ కత్తిరించి నేరుగా కథలోకి వెళ్లిపోయేవారు. ఆ రోజు టీవీ కట్టేసేవాడు. సూర్యకాంతం కోసం ఎదురుచూస్తున్న పక్కింటి ముసలావిడ బతిమాలినా మళ్లీ పెట్టేవాడు కాదు. ఆ పట్టుదలలో న్యాయం ఉంది. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మాటలు ఈనాటికీ జనం నోళ్లలో ఉన్నాయి, వాటిని రాసినాయన పేరు మాత్రం చాలామందికి తట్టదు.

ఊళ్లో ఏ సాహిత్య సభ జరిగినా ఆయన్ని మాట్లాడమనేవారు. ఆయన చెప్పేది కొడవటిగంటి కుటుంబరావు గురించే. కుటుంబరావు తెనాలిలోనే పుట్టాడు. 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ'ను దిద్ది నిలబెట్టాడు. సంపాదకుడిగా ఆయన పేరు మాత్రం పత్రికలో ఉండేది కాదు. దేశంలో ఎన్నో భాషల పిల్లలు ఆయన చేతి కథ చదివారు, ఆయన పేరు చదవలేదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయేది. నటించి తెచ్చుకున్న తడి కాదది.

ఆయనా కథలు రాసేవాడు. వారపత్రికల్లో వచ్చేవి. వీధిలో అందరూ రచయితగారనే పిలిచేవారు. అత్తవారింట్లో నోరు విప్పని కోడలు, పెళ్లి కాని అక్క, మంగళసూత్రం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తల్లి. ఆడవాళ్లు ఉత్తరాలు రాసేవారు. మగవాడై ఉండి వంటింటి సంగతులు ఇంత లోపలి నుంచి ఎలా పట్టుకున్నారని అడిగేవారు. "పరిశీలన" అని ఒక్క మాటలో జవాబు రాసేవాడు.

సినిమా అయిపోయాక భార్యాభర్తలిద్దరూ వసారాలో కూర్చునేవారు. ఆయన ఒళ్లో అట్ట, కాగితాలు. ఆవిడ ఒళ్లో చేట, అందులో మర్నాటి చిక్కుడుకాయలు. పొద్దుపోయేదాకా ఆవిడ గొంతే వినిపించేది. ఇరుగుపొరుగు కబుర్లు చెబుతోంది కాబోలని పక్కింటివాళ్లు అనుకునేవారు.

ఆఫీసు రాతతో ఆయన అక్షరం పాడైంది. ఆవిడది గుండ్రని దస్తూరి. అందుకని ఫెయిర్ కాపీ ఆవిడే రాసేది. పత్రికలకు కథతోపాటు హామీపత్రం జతచేయాలి. అదీ ఆవిడే విడి కాగితం మీద రాసి, పెన్ను ఆయన చేతికిచ్చేది. ఆయన సంతకం పెట్టి కవరు అంటించేవాడు.

ఆ ఏడు పెద్దమ్మాయికి రెండో కాన్పు. ప్రయాణం వద్దని డాక్టరు చెప్పడంతో, ఆవిడే పుణె వెళ్లింది. వెళ్లిన కొన్నాళ్లకు ఒక పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. దీపావళి ప్రత్యేక సంచికకు కథ కావాలి. నెలాఖరులోగా అందాలి.

ఆయన సెలవు పెట్టాడు. వసారాలో కుర్చీ వేసుకున్నాడు. కాగితం మీద తన పేరు రాశాడు. దాని కింద గీత గీశాడు. లేచి వెళ్లి 'మిస్సమ్మ' చూసి వచ్చాడు. మర్నాడు 'గుండమ్మ కథ' చూశాడు. కాగితం మీద పేరు, గీత అలాగే ఉన్నాయి.

గడువు రెండు రోజులుందనగా రాత్రి పుణెకు ఫోన్ చేశాడు. పాప పాలు తాగుతోందా అని అడిగాడు. అమ్మాయి పథ్యం సంగతి అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఆ బావి గట్టు మీద చెంబు మర్చిపోయి వెళ్లిందే, ఆవిడ. మళ్లీ వస్తుందా?"

"రాదండీ," అంది ఆవిడ. "వాళ్లాయనే ఆ చెంబు పట్టుకుని పుట్టింటికి వెళతాడు. వెళ్లి, అది ఇవ్వడానికే వచ్చానంటాడు."

"ఆవిడేమంటుంది?"

అవతల పసిపిల్ల ఏడ్చింది. ఆవిడ పాపను భుజానేసుకుని జోకొడుతూ చెప్పసాగింది. ఇక్కడ పెన్ను పరిగెత్తింది. అర్థం కానిచోట ఆపి అడిగాడు. ఆఖరి వాక్యం రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాడు.

"బాగా వచ్చింది," అన్నాడు. "ఈసారి ఫెయిర్ కాపీ నేనే రాసుకోవాలి. అవునూ, హామీపత్రంలో ఏం రాస్తావు నువ్వు?"

ఆవిడకది నోటికి వచ్చు.

"ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం కాదు, అనుకరణా కాదు."

"కింద?"

"కింద మీ సంతకం."