జారుడు రెక్క

సంక్రాంతి వెళ్లిన ఆదివారం బేస్‌మెంట్‌లో లైటు వెలిగింది. మెట్ల మీద చప్పుడు వినగానే నాన్నే అని తెలిసిపోయింది. మోకాళ్ల నొప్పి కదా, మెట్టుకో క్షణం ఆగి దిగుతాడు. నా మీద పేరుకున్న సామానంతా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. బొమ్మల కొలువు అట్టపెట్టెలు, పాడైపోయిన ప్రింటరు, పాత దుప్పట్లో చుట్టిన ఇత్తడి బిందె. అడుగున నా తలచెక్క కనబడగానే తడిగుడ్డతో తుడిచి, మెట్ల దగ్గరికెళ్లి పైకి కేకేశాడు.

"ఇదిగో, అమ్మలు మంచం ఇక్కడే ఉంది!"

అమ్మలుకి ఏడో నెల. పురుడు పుట్టింట్లోనే అనుకున్నారని పైనుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. గుడ్డ పెట్టి తుడుస్తుంటే నా కర్రకి పాత రంగు తిరిగొచ్చింది. మళ్లీ ఒక పసిబిడ్డ, మళ్లీ పాల వాసన, మళ్లీ రాత్రిళ్లు మేలుకుని ఉండటం. ఆశ పడ్డాను.

నేను ఆ ఇంటి క్రిబ్‌ని. ఊరు న్యూజెర్సీలో ఎడిసన్. నాలో పడుకున్న పిల్లలు ఆయన్ని నాన్న అనీ, ఆవిడని అమ్మ అనీ పిలిచేవాళ్లు, నాకూ అదే అలవాటైంది. నాకొచ్చిన తెలుగంతా ఆ ఇంట్లో విన్నదే.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 1994లో రంపాల కింద నడిచి, వార్నిష్ పూసుకుని, ముక్కలుగా అట్టపెట్టెలోకి చేరాను. చెప్పుకోవాల్సిందల్లా నా కుడిపక్క రెక్క గురించే. మిగతా మూడు వైపులా బిగించి ఉంటాయి, ఆ ఒక్కటీ పైకీ కిందికీ జారుతుంది. రెండు చివర్లా ఇనుప కడ్డీలు, వాటి వెంట జారే ప్లాస్టిక్ క్లిప్పులు. రెక్కని కాస్త పైకెత్తి మోకాలితో నెడితే కొక్కెం వదిలి కిందికి దిగుతుంది. డ్రాప్ సైడ్ క్రిబ్ అనేవాళ్లు. ఆ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా ఇవే.

1995 ఫిబ్రవరిలో అమ్మలు పుట్టింది. అమ్మకి ఆపరేషన్ అయింది. ఒక్క బెడ్‌రూమ్ అపార్ట్‌మెంటు, బయట మంచు. నన్ను అమ్మ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో పెట్టారు. కుట్లు నొప్పి పెడుతుంటే ఆవిడ వంగలేకపోయేది. రెక్క దించితే చాలు, బిడ్డ చేతికి వచ్చేసేది. ఆ నలభై రోజులూ నేను చేసిన చాకిరీ తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. రాత్రి రెండింటికి పాలిచ్చి పడుకోబెట్టాక, అమ్మ నా చువ్వల సందులోంచి చెయ్యి పెట్టి బిడ్డ పొట్ట మీద వేలు ఆనించి ఉంచేది. అలాగే నిద్రపోయేది. ఆవిడ ఊపిరి తీసినప్పుడల్లా మట్టిగాజులు నా చువ్వకి తగిలి చిన్నగా చప్పుడయ్యేవి. ఆ చప్పుడుని బట్టే ఇద్దరూ బాగానే ఉన్నారని నాకు తెలిసేది.

పురుడు పొయ్యడానికి తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. పెట్టెలో కరక్కాయ, వస, సాంబ్రాణి, పాత నేతచీరలతో కుట్టిన బొంత, వాటితోపాటు ఒక ఆవాల దిండు తెచ్చింది. తల గుండ్రంగా వస్తుందని అందరూ పెట్టేదే. మొదటి రోజే దాన్ని నాలో పెట్టి, బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. అమ్మ చూసి తీసేసింది.

"పడుకోబెట్టినప్పుడు దిండు వద్దన్నారమ్మా ఆస్పత్రిలో. వెల్లకిలానే పడుకోబెట్టమన్నారు."

"నిన్ను దీని మీదే పెంచానే. నీకేమైందే?"

అమ్మ జవాబు చెప్పలేదు, దిండు మాత్రం తిరిగి పెట్టలేదు. అమ్మమ్మ కళ్లొత్తుకుంటూ దాన్ని పెట్టెలో దాచేసుకుంది. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం ఈ దేశంలో అంతకు ముందు ఏడాదే, అంటే నేను పుట్టిన 1994లోనే మొదలైంది. కారణమేదీ దొరక్కుండా నిద్రలోనే పోయే పసివాళ్ల సంఖ్య ఆ తర్వాతి ఏళ్లలో సగానికి పైగా తగ్గింది. అమ్మమ్మది ప్రేమే, అమ్మదీ ప్రేమే. నేను మాత్రం అమ్మ పక్షం. దిండు బయటికెళ్లినప్పుడు, నాలో ఇక భయపడాల్సినదేమీ లేదనుకున్నాను.

అమ్మలు పెద్దదయ్యాక నా కష్టాలు మొదలయ్యాయి.

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో క్రిబ్ ఒక ఇంటితో ఆగదు. "మా దగ్గర ఖాళీగానే ఉంది, తీసుకెళ్లండి" అంటారు. తప్పేం లేదు, కొత్తగా వచ్చిన వాళ్లకి డాలరు డాలరే. అలా 1996లో ఒక ఇంటికీ, తర్వాతి ఏడాది ఇంకో ఇంటికీ వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ విప్పడం, వ్యానులో పడేయడం, మళ్లీ బిగించడం. నన్నెలా బిగించాలో చెప్పే కాగితం మొదటి ప్రయాణంలోనే పోయింది. స్క్రూలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి టేపు అంటించారు. ఆ టేపు ఊడింది. రెండు స్క్రూలు ఏ వ్యాను సీటు కిందికి దొర్లాయో ఇప్పటికీ తెలియదు.

రెండో ఇంటాయన ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి రాత్రి పదకొండింటికి నన్ను బిగించాడు. జారుడు రెక్కని తలకిందులుగా పెట్టాడు. అలా పెట్టినా పడుతుంది, చూడ్డానికి సరిగ్గానే ఉన్నట్టుంటుంది, బరువు మాత్రం పట్టకూడని చోట పడుతుంది. నాలుగు రోజుల తర్వాత వాళ్లావిడ గమనించి సరిచేయించింది. అప్పటికే కింది క్లిప్పు వెంట్రుకంత చీలింది. మూడో ఇంట్లో, పోయిన స్క్రూల బదులు హార్డ్‌వేర్ షాపు నుంచి కాస్త పొడుగువి తెచ్చి తిప్పారు. అవి కర్రని నెర్రెలిచ్చేలా చేశాయి. చలికాలం హీటరు వేడికి ఇక్కడ గాలి ఎండిపోతుంది, కర్ర కుంచించుకుపోతుంది. ఎండాకాలం తేమకి ఉబ్బుతుంది. ఏడాదికోసారి అలా అవుతుంటే ఏ స్క్రూ అయినా వదులవుతుంది. నెలకోసారి నన్ను పట్టుకుని గట్టిగా ఊపి చూసినా నా బాధ చేతికి తెలిసేది. అలా ఊపి చూసిన వాళ్లు లేరు. దుప్పటి మార్చారు, బొమ్మలు వేలాడదీశారు, ఫొటోలు తీశారు. స్క్రూల వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

1998లో చిన్నోడు పుట్టాక తిరిగి మా ఇంటికొచ్చాను. వాడికి పదో నెలలో జరిగింది, చెప్పాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. తెల్లవారుజామున వాడు లేచి, నా రెక్క పట్టుకుని నిలబడి ఊగుతున్నాడు. ప్రతి పిల్లాడూ చేసే పనే అది. చీలిన క్లిప్పు టక్కుమని ఊడింది. రెక్క పైన నిలబడే ఉంది, కింది మూల మాత్రం బయటికి జరిగింది. పరుపుకీ రెక్కకీ మధ్య సందు పడింది. వాడి కాళ్లు అందులోకి జారాయి, ఒళ్లు జారింది, తల దగ్గర ఆగిపోయాడు. ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి అందలేదు.

నాకు చేతుల్లేవు. ఉన్న ఒక్క రెక్కా వాణ్ని నొక్కుతోంది.

అమ్మ మంచం రెండడుగుల దూరంలో ఉంది. ఎందుకు మెలకువ వచ్చిందో ఆవిడకే తెలియదు. లేచి, రెక్కని ఒక్క గుంజు గుంజి వాణ్ని లాగేసింది. అప్పుడు వాడు ఏడ్చాడు. గాజులు రెండు చిట్లి నా పరుపు మీద పడ్డాయి.

మర్నాడు నాన్న రెక్కని నైలాన్ తాడుతో నాలుగు చోట్ల కట్టేశాడు. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు. 2001లో సొంతిల్లు కొన్నాక నన్ను తెచ్చి బేస్‌మెంటులో పెట్టారు. ఇరవై నాలుగేళ్లు చీకట్లో ఉన్నాను. ఫర్నేసు మోత, పైన టీవీ, దీపావళికి పిల్లల పరుగులు వింటూ ఉండిపోయాను. ఇది నా ఒక్కదాని లోపమేననీ, మంచి స్క్రూ పడితే మళ్లీ బాగానే ఉంటాననీ అనుకుంటూ వచ్చాను.

అందుకే ఆ ఆదివారం ఆశ పడ్డాను.

అమ్మలు మెల్లగా మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఫోను, టేపు, ఖాళీ కోక్ డబ్బా. నాన్న నవ్వుతూ కుర్చీ వేశాడు. అమ్మలు డబ్బాని నా చువ్వల మధ్య పెట్టి చూసింది. దూరలేదు. చువ్వకీ చువ్వకీ మధ్య ఆరు సెంటీమీటర్లు దాటకూడదన్న నియమం 1970ల నుంచే ఉంది, అందులో నా తప్పేమీ లేదు. నా పాత పరుపు వేయించి పక్కన వేళ్లు పెట్టింది. రెండు వేళ్లకి మించి సందు ఉండకూడదు, నాలుగు పట్టాయి. ఇక రెక్కని కదిపి చూసింది. తాడు ముడులు చూసింది.

"నాన్నా, ఇది వద్దు."

"నువ్వు పడుకున్నదే కదమ్మా ఇందులో. నీకేమైంది?"

ఆ మాట ఎక్కడ విన్నానో నాకు గుర్తొచ్చింది. ఆ ఆవాల దిండు చోట ఇప్పుడు నేనున్నాను.

అమ్మలు ఫోనులో చదివి వినిపించింది. 2010 డిసెంబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం జారుడు రెక్కల క్రిబ్‌లు ఇక చేయకూడదనీ, అమ్మకూడదనీ నిర్ణయించింది. 2011 జూన్ 28 నుంచి అది అమల్లోకి వచ్చింది. పాతవి అమ్మడమే కాదు, ఊరికే ఇచ్చెయ్యడమూ కూడదన్నారు. 2000 నుంచి లెక్కేస్తే, ఇలాంటి రెక్కల వల్ల ఊపిరాడక కనీసం 32 మంది పసివాళ్లు పోయారు. క్లిప్పులు విరగడం, స్క్రూలు పోవడం, తలకిందులుగా బిగించడం. ఒక్కొక్కటీ నాకు జరిగిందే. కొత్త స్క్రూ పెట్టినా ఫలితం ఉండదు, జారే రెక్కలోనే ఉంది లోపం. నేనొక్కదాన్నే కాదు, నాలాంటివాళ్లమంతా అంతే.

1998లో షికాగోలో డానీ కైసర్ అనే ఏడాదిన్నర లోపు పిల్లాడు డేకేర్‌లో మడత క్రిబ్ కూలి చనిపోయాడట. ఆ క్రిబ్‌ని అయిదేళ్ల ముందే, 1993లోనే వెనక్కి పిలిచారు. ఆ కబురు అక్కడికి చేరలేదు. అందుకే 2008 చట్టంలో వాడి పేరుతో ఒక భాగం పెట్టి, క్రిబ్‌ల్లాంటి, ఎక్కువకాలం వాడే పసిపిల్లల వస్తువులతో రిజిస్ట్రేషన్ కార్డు ఇవ్వాలన్నారు. కొన్నవాళ్లు అది నింపి పంపితే, తర్వాత లోపం బయటపడినప్పుడు నేరుగా వాళ్లకే తెలియజేస్తారు. చిన్నోడు నా రెక్కలో ఇరుక్కున్నదీ ఆ రోజుల్లోనే. వాడి పక్కన అమ్మ ఉంది.

అమ్మ మెట్ల మీదే నిలబడి అంతా వింటోంది. కాసేపటికి ఆ తెల్లవారుజాము సంగతి చెప్పింది. అమ్మలు వినడం అదే మొదటిసారి. నాన్న తాడు ముడి మీద చెయ్యి పెట్టి తల దించుకున్నాడు.

అమ్మలు కొత్తదాన్ని అప్పటికే చూసి పెట్టుకుంది. అమ్మ మంచానికి పట్టీలతో బిగించే బెడ్‌సైడ్ తొట్టి, గాలాడే జాలీ పక్కలు. కొనేముందు ఆ పిల్ల ఏమేం చూసిందో విని నాకే ముచ్చటేసింది. పరుపు గట్టిగా, సమతలంగా ఉండాలి, వాలుగా ఉండకూడదు. దాని మీద బిగుతుగా పట్టే దుప్పటి తప్ప ఇంకేదీ ఉండకూడదు. మంచం పరుపుకీ తొట్టికీ మధ్య సందు పడకుండా పట్టీ బిగించి, రోజూ చేత్తో నొక్కి చూసుకోవాలి. 2014 నుంచి ఇలాంటి తొట్లకి ప్రత్యేకంగా భద్రతా నియమాలున్నాయి, వాటి ప్రకారం చేసిందేనా అని చూడాలి. బిడ్డ చేతులూ మోకాళ్లూ ఊని లేవడం మొదలుపెట్టిన రోజే, అంటే అయిదారు నెలలకే, దాన్ని మానేసి నాలుగు వైపులా కదలని పెద్ద క్రిబ్‌లోకి మార్చాలి. బిడ్డ మాత్రం కనీసం ఆరు నెలలు అమ్మానాన్నల గదిలోనే, వాళ్ల పక్కనే, కానీ తన సొంత పక్క మీద పడుకోవాలని డాక్టర్లు చెప్తున్నారట. మట్టిగాజులు నా చువ్వకి తగిలే ఆ దూరమే అది. అది మాత్రం మారలేదు.

నాతోపాటు దాచిన, నా చువ్వల చుట్టూ లోపలివైపు కట్టే ఏనుగు బొమ్మల బంపర్ దిళ్లు అమ్మ పైకి తీసింది. 2022లో వచ్చిన చట్టం వాటిని కూడా అమ్మకుండా ఆపేసిందని అమ్మలు చెప్పింది. అమ్మ వాటిని చెత్తసంచిలో వేసి, అమ్మమ్మ బొంత మాత్రం గుండెకి హత్తుకుంది.

"ఇది మేలుకుని ఉన్నప్పుడు కింద పరిచి బోర్లా పడుకోబెట్టి ఆడించుకుందాం, సరేనా?"

"సరేనమ్మా," అంది అమ్మలు.

నాన్న రంపం తెచ్చాడు. ఊరికే రోడ్డు పక్కన పెడితే ఎవరో ఒకరు తీసుకెళ్లి బిగించుకుంటారని అమ్మలు చెప్పింది. మొదట జారుడు రెక్కని పెట్టుకున్నాడు. చువ్వల మీద పిల్లల పంటిగాట్లున్న చోట ఆయన చెయ్యి ఆగింది. అమ్మలివి ఏవో, చిన్నోడివి ఏవో ఆయనకి తెలుసు. అయినా కోశాడు. క్లిప్పులు సుత్తితో నుగ్గు చేశాడు. కోస్తున్నంతసేపూ నేను ఇంకా గట్టిగా, ఇంకా చిన్న ముక్కలుగా అని కోరుకున్నాను.

బుధవారం పొద్దున చెత్త బండి రాకముందే నన్ను ఇంటి ముందు రోడ్డు పక్కన పెట్టారు. మంచు సన్నగా పడుతోంది. ఒక పాత కారు మెల్లగా వచ్చి ఆగింది. దిగిన కుర్రాడు ఎవరో, ఏ దేశంవాడో తెలియదు. వెనక సీటులో పసిపిల్లల కారు సీటు కనబడింది, దానికింకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. నా తలచెక్క పట్టుకుని పైకెత్తాడు. సగం దగ్గర కోసి ఉంది. ఇంకో ముక్క చూశాడు, అదీ కోసే ఉంది. రెండూ తిరిగి అక్కడే పెట్టి, చేతులు దులుపుకుని, కారెక్కి వెళ్లిపోయాడు.