తప్పంతా మాత్రదే

మా ఇంట్లో ఈమధ్య ఏ నేరం జరిగినా ముద్దాయి ఒక్కటే. పప్పులో ఉప్పు రెండుసార్లు పడిందా? లెట్రోజోల్. గ్యాస్ బుక్ చెయ్యడం మర్చిపోయానా? లెట్రోజోల్. మా ఆయన అక్కగారి గృహప్రవేశానికి వెళ్లలేకపోయానా? పాపం, అదీ లెట్రోజోలే. మోతాదు 2.5 మిల్లీగ్రాములు. చిటికెన వేలి గోటి మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది. ఇంత చిన్న మాత్ర ఇన్ని నిందలు మోస్తున్నందుకు దాని ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

గృహప్రవేశం రోజు నాకు నొప్పులు లేవు. ఈ ముక్క మా ఆడపడుచు చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

అసలు సంగతి చెప్తాను. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, మా అత్తయ్యగారి మాటల్లో చెప్పాలంటే ‘కరెంటు పెట్టడం’ కూడా అయింది. ఆ రోజుల్లో నా వైభవం చూసి తీరవలసిందే. ఏనాడూ గడప తొక్కని బాబాయిగారు బందరు నుంచి బస్సెక్కి వచ్చారు. గది నిండా యాపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు, కొబ్బరి బోండాలు. పెళ్లయిన దగ్గర్నుంచీ నా డికాషన్ పల్చన అని చెప్తూ వచ్చిన ఆడపడుచు, నా మంచం దగ్గరికి కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను కళ్లు మూసుకుంటే చాలు, టీవీ గొంతు తగ్గేది. గుండు మీద స్కార్ఫు కట్టుకుని నేనేమన్నా అది సుప్రీం కోర్టు తీర్పే. తర్వాత జుట్టు మొలవడం మొదలైంది. అంగుళం జుట్టు పెరిగేసరికి నా పరపతి గజం తగ్గింది. రెండో అంగుళానికి టీవీ గొంతు మళ్లీ మామూలుగా లేచింది.

ఆఖరి రేడియేషన్ రోజున మావాళ్లు స్వీట్లు పంచారు. “ఇంకేముందమ్మా, రోజుకో చిన్న మాత్ర. ఐదేళ్లు. అవసరమైతే ఇంకొన్నాళ్లు” అన్నారు డాక్టరుగారు. అందరూ హమ్మయ్య అన్నారు. క్యాన్సర్‌ని పలకరించడానికి జనం వస్తారు గానీ మాత్రని పలకరించడానికి యాపిల్ పళ్లు పట్టుకుని ఎవరొస్తారు?

నా కణితి ఈస్ట్రోజెన్ తిని బతికే రకం. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకమేనట. నెలసరి ఆగాక అండాశయాలు ఆ పని మానేస్తాయి కదా, ఇంక ఈస్ట్రోజెన్ ఎక్కడిది అనుకున్నాను. రిటైరైన మాస్టారు ఇంటి అరుగు మీద ట్యూషన్లు మొదలెట్టినట్టు, ఒంట్లో కొవ్వూ కండరాలూ కలిసి అరొమటేజ్ అనే ఎంజైము సాయంతో కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయిట. లెట్రోజోల్ ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది. ఎక్కడైనా క్యాన్సర్ కణం మిగిలి ఉంటే దానికి మేత దొరకదు. అంతవరకూ న్యాయమే. కానీ నా ఎముకలూ కీళ్లూ నిద్రా చర్మమూ కూడా ఇన్నేళ్లూ ఆ మేత మీదే బతికాయని నాకెవరూ చెప్పలేదు.

ఈ మేత ఆపే ఆలోచన పాతదే. 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జను, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డలు తగ్గాయని లాన్సెట్ పత్రికలో రాశాడు. అప్పటికి హార్మోనుకి ఆ పేరైనా పెట్టలేదు. నెలసరి ఇంకా ఉన్నవాళ్లకి ఎక్కువగా ఇచ్చే టామోక్సిఫెన్ కథ మరీ చిత్రం. 1960లలో ఇంగ్లండులో ఐసీఐ కంపెనీవాళ్లు దాన్ని గర్భం రాకుండా ఆపే మాత్ర అనుకున్నారు. తీరా ఆడవాళ్లకి ఇచ్చి చూస్తే అది అండం విడుదలను ఆపకపోగా దగ్గరుండి చేయించింది. ఆ ఉద్యోగానికి పనికిరాని మాత్ర క్యాన్సర్ వార్డులో చేరి లక్షల ప్రాణాలు కాపాడింది. ఇది ముందే తెలిసుంటే, మావాడు ఇంజనీరింగ్ చదివి బ్యాంకులో చేరినప్పుడు నేను అంత ఏడ్చేదాన్ని కాదు.

ఇక ఆవిర్లు. మాది బెజవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సత్యనారాయణపురంలో మా అద్దె వాటాలో రోలు లేదు కాబట్టి ఆ లోటు నేను తీర్చాను. ఒంటి వేడిని చూసుకునే బాధ్యత మెదడులో హైపోథాలమస్‌ది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి దానికి గాభరా ఎక్కువవుతుందిట. ఇసుమంత వేడి పెరిగినా ఇల్లంటుకుందని కేకలు పెట్టి, ఒంట్లో ఉన్న నీళ్లన్నీ చెమటగా కుమ్మరిస్తుంది. రాత్రి ఏసీ 18లో, ఫ్యాను 5లో. నేను చీర చెంగుతో విసురుకుంటూ ఉంటే పక్కన మా ఆయన నడి వేసవిలో మంకీ క్యాపు పెట్టుకుని, కాశీ యాత్రకి కొన్న శాలువా కప్పుకుని పడుకుంటారు. కాసేపటికి చెమట ఆరి నాకు చలి పుడుతుంది. “ఏమండీ, ఏసీ కట్టెయ్యండి” అంటాను. ఆయన శాలువాలోంచి చెయ్యి బయటికి తీసి రిమోటు వెతికి నొక్కేసరికి రెండో ఆవిరి బయల్దేరుతుంది. “ఇప్పుడెందుకు కట్టేశారు?” అని నేనే అరుస్తాను.

ఈ ఆవిర్లకి కాలంతో, స్థలంతో నిమిత్తం లేదు. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిది సరస్వతీ అలంకారం. ఆ రోజు జనం ఎలా ఉంటారో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. క్యూలో నిలబడి ఉండగా లోపల్నుంచి ఒకటి లేచింది. మెడ నుంచి మొహం దాకా ఎర్రగా కందిపోయింది. బొట్టు కరిగి ముక్కు మీదికి కారింది. ఊపిరాడక జుట్టు ముడి విప్పేశాను. ఒళ్లు కాస్త ఊగింది కూడా. వెనకున్నావిడ “అమ్మా!” అని చేతులు జోడించింది. ఎవరో పసుపు నీళ్లు తెచ్చారు. చుట్టూ రెండడుగుల జాగా ఖాళీ అయింది. పోలీసు కానిస్టేబులు కూడా టోపీ సర్దుకుని పక్కకి జరిగాడు. “మా వాడికి గ్రూప్ టూ వస్తుందా తల్లీ?” అని అడిగింది వెనకావిడ.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా పక్కనుంచి చల్లగాలి తగిలింది. ఎవరో విసనకర్రతో విసురుతున్నారు. ఆ సుఖం వదులుకోవడానికి మనసొప్పలేదు. “బాగా చదవమను” అన్నాను. ఆవిడ మహదానందపడింది. ఆ సలహా ఏ దేవత ఇచ్చినా తప్పయితే కాదు. మా ఆయన మాత్రం ఇంటికొచ్చేదాకా నన్ను ‘తల్లీ’ అని పిలిచారు.

కీళ్ల దగ్గరికొస్తే నవ్వు కొంచెం తగ్గుతుంది. పొద్దున్న మంచం దిగడం ఒక ప్రాజెక్టు. మడమలు నేలకి ఆనవు, పిడికిలి బిగవదు. కుడిచేతి చూపుడు వేలు వంగిన చోటే ఆగిపోతుంది, ఎడం చేత్తో లాగితే టక్కున తెరుచుకుంటుంది. ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. పేరు వింటే పౌరుషంగా ఉంటుంది. రైతుబజారులో వంకాయలు రెండు కిలోలని వేళ్లు చూపించబోతే ఒకటి వంగిపోయింది, అతను కిలోయే తూచాడు. మా ఆయన్ని వేలు చూపించి దెబ్బలాడదామన్నా అదే అవస్థ. దెబ్బలాట మధ్యలో వేలు వంగిపోతే మాటకి బలం ఏముంటుంది? ఆయనే లేచి వచ్చి నా వేలు సవరించి, “ఊఁ, ఇప్పుడు చెప్పు” అని వెళ్లి కూర్చుంటారు.

సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చున్నాం. కూర్చోవడం భక్తితోనే కూర్చున్నాను. ఐదో కథ అయ్యాక లేవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు మా అత్తయ్యగారు. ఆవిడకి 82. చెయ్యి నేలకి ఆనించకుండా లేచి, నన్ను లేపి, ప్రసాదం పంచడానికి వెళ్లిపోయారు.

ఎముకలు పల్చబడతాయని ముందే చెప్పి డెక్సా స్కాన్ రాశారు డాక్టరుగారు. వెన్నూ తుంటీ చూసి టీ స్కోరు అని ఒక అంకె ఇస్తారు. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్. నాది మైనస్ 2.2. తోడు వచ్చిన అత్తయ్యగారు “ఎలాగూ వచ్చాం, నాకూ తీయించరా అబ్బాయ్” అన్నారు. ఆవిడది మైనస్ 1.4. ఆ కాగితం వారం రోజులు పూజగదిలో ఉంది. పాలవాడికీ, ఇస్త్రీ అబ్బాయికీ కూడా మా ఇద్దరి అంకెలూ కంఠతా వచ్చేశాయి. “నీ వయసులో నేను పుష్కరాల రేవు నుంచి బిందె మోసేదాన్ని” అని ఆవిడ అన్నప్పుడల్లా నేను మారు మాట్లాడకుండా కాల్షియం మాత్ర మింగుతాను. ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షను పెట్టాలన్నారు. అరుదుగా దవడ ఎముకకి చేటు చేస్తుందిట, ముందు పళ్లు చూపించుకోవాలి. అలా తుంటి కోసం బయల్దేరి రూట్ కెనాల్ చేయించుకుని ఇంటికొచ్చాను.

సలహాలకి మాత్రం కొదవలేదు. పక్కింటి పిన్నిగారు, వాళ్ల వదినకి ఆవిర్లకి రాసిచ్చిన హార్మోను మాత్రల షీటు కొంగున కట్టుకుని తెచ్చారు. “అర మాత్ర వేసుకుని చూడమ్మా, చిటికెలో తగ్గుతాయి.” తగ్గుతాయి, నిజమే. అదే ఈస్ట్రోజెన్! నేను డబ్బు పోసి ఆపుతున్న మేతని ఆవిడ ఉచితంగా పెట్టబోయారు. ఆవిర్లకి హార్మోను లేని మందులు వేరే ఉన్నాయి. డిప్రెషన్‌కి వాడే వెన్లాఫాక్సిన్ వంటివి తక్కువ మోతాదులో ఇస్తారు. అవైనా డాక్టరే చూసి ఇవ్వాలి. ఆ జాతిలోదే అయిన పెరాక్సెటీన్, టామోక్సిఫెన్ పనికి అడ్డుపడుతుంది.

ఇంకో రకం ఇబ్బంది కూడా ఉంది, పొడితనం. దాన్ని గురించి హాస్యవ్యాసంలో రాసేంత గుండె నాకు లేదు. ఆ సంగతి వేరే డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ మొహం కూడా చిట్లించకుండా, హార్మోను లేని జెల్లులు, మాయిశ్చరైజర్లు ఉన్నాయని రాసిచ్చింది. సిగ్గుపడి మూడు చెరువుల నీళ్లు తాగింది నేనే.

మా ఆయన ఆడిట్‌లో చేసి రిటైరయ్యారు. నేను అన్నీ మాత్ర ఖాతాలో వేస్తున్నానని అనుమానం వచ్చి ఒక నోటుబుక్కు కొన్నారు. ఎడమ పేజీకి ‘మాత్ర వల్ల’, కుడి పేజీకి ‘మాత్ర వల్ల కానివి’ అని పేర్లు పెట్టారు. ఆవిర్లు, కీళ్లు, నిద్రలేమి ఎడమ పక్క. అరుపులు కుడి పక్క. నేను అభ్యంతరం చెప్పాను. “లెట్రోజోల్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1997లో. మన పెళ్లి 1991. నువ్వు మొదటిసారి అరిచింది మూడు నిద్దర్లకి వెళ్లినప్పుడు” అన్నారు. రుజువులుంటే తప్ప మాట్లాడని మనిషితో కాపురం కష్టం.

కానీ ఇదే ఆడిటరుగారు ఆస్పత్రిలో ఏం చేసేవారో వినండి. “ఎలా ఉందమ్మా?” అని డాక్టరుగారు నన్ను అడగ్గానే, “బ్రహ్మాండంగా ఉందండీ” అని ఈయన జవాబు చెప్పేవారు. నేనూ బుద్ధిగా తలూపేదాన్ని. బయట అంతమంది కీమో వాళ్లు కూర్చుని ఉండగా లోపల వేలు వంగుతోందని చెప్పడం నామోషీగా ఉండేది. మాత్ర మానేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. చాలామంది ఐదేళ్లు నిండకుండానే మానేస్తారనీ, మానేసిన సంగతి డాక్టరుకి చెప్పరనీ తర్వాత తెలిసింది. ఒకసారి పార్కింగు దొరక్క ఆయన బయటే ఉండిపోయారు. ఆరోజు గదిలో నేనూ డాక్టరుగారూ మాత్రమే. అడగడమే తరువాయి, ఎడమ పేజీ మొత్తం అప్పజెప్పాను.

డాక్టరుగారు విని, మొదట నడవమన్నారు. నొప్పులు మొర్రో అంటే నడవమంటారేమిటని కోపమొచ్చింది. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారుట. ఈ జాతి మాత్రలు వేసుకుంటూ కీళ్లనొప్పులు పడుతున్న ఆడవాళ్లు, వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామం, రెండుసార్లు బరువులెత్తడం ఏడాదిపాటు చేస్తే, నొప్పి దాదాపు 30 శాతం తగ్గిందిట. మిగతా 70 శాతం ఎవరు చూసుకుంటారని అడిగాను. ఆయన నవ్వి లెట్రోజోల్ కొన్నాళ్లు ఆపించి, తర్వాత ఎక్సెమెస్టేన్‌కి మార్చారు. ఒకటి పడనివాళ్లకి ఇంకొకటి పడవచ్చుట. ఇది 25 మిల్లీగ్రాములు, భోజనం చేశాక వేసుకోవాలి. అత్తయ్యగారికి నోరు తిరక్క ‘ఎగ్జామినేషన్ మాత్ర’ అంటారు.

బరువులకి కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు పెట్టుకున్నాను. ఒకటి చిరిగి హాలంతా పప్పయింది, ఏరడానికి వంగి లేవడం కూడా వ్యాయామం కిందే లెక్కేశాను. నడక సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా. ఒప్పుకోవడం నామోషీగానే ఉంది గానీ వేలు ఇప్పుడు తెరుచుకుంటోంది, పొద్దున్న మడమలు నేలకి ఆనుతున్నాయి. ఆవిర్లు పూర్తిగా పోలేదు. అరుపులైతే బొత్తిగా తగ్గలేదు. మాత్ర మారినా ఇవి మారలేదు గనక వీటిని శాశ్వతంగా కుడి పేజీలోనే ఖాయం చేశానని మా ఆయన ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టారు.

నెలల తరబడి మాత్రలు వేసుకోకుండా షీట్లు బీరువాలో చీరల కింద దాచిపెట్టే అక్కచెల్లెళ్లు నాకు కొందరు తెలుసు. మానేశామని డాక్టరుకి చెప్పండి. ఎక్కడ నొప్పో, ఎంత నొప్పో, ఎందుకు మానేశారో చెప్పండి. మార్చడానికి వేరే మాత్ర ఉంది, నొప్పికి ఉపాయముంది, పొడితనానికి జెల్లుంది. చెప్పేటప్పుడు మాత్రం మీ ఆయన్ని బయట కూర్చోబెట్టండి.