ఓనరుగారి అప్రూవల్

చిన్న వ్యాపారాల్లో ఒక రకం ఓనరు ఉంటాడు. పని ఆలస్యమైతే ఆయనకి పనివాళ్ల మీద కోపం రాదు, కస్టమరు మీద రాదు, తన మీద రావడమనే ప్రసక్తే లేదు. పనుల లెక్క చూసే సాఫ్ట్‌వేరు మీద వస్తుంది. ఉన్నది పీకేసి కొత్తది పెట్టిస్తాడు. టైల్స్ షాపుల్లోనూ, కేటరింగుల్లోనూ, ఇంటీరియర్ పనులు చేసేవాళ్లలోనూ ఈ జాతివాళ్లు నాకు తగిలారు గానీ, నికార్సైన నమూనా మాత్రం విజయవాడ గవర్నర్‌పేటలో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాడు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కాలేజీల కరపత్రాలు వేస్తారక్కడ. ఆయనతో కలిపి పదకొండు మంది, రెండు మెషీన్లు, ఒక ట్రాలీ ఆటో.

మనిషి మంచివాడు. జీతాలు ఒకటో తారీఖునే ఇస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు. బలహీనతల్లా యూట్యూబు. రాత్రి భోజనం చేసి, ఏ అమెరికా కుర్రాడో రెండు సాఫ్ట్‌వేర్లని పక్కపక్కన పెట్టి పోల్చే వీడియో చూస్తూ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారేసరికి జ్ఞానం పట్టేస్తుంది. కాన్‌బాన్ పద్ధతిని టయోటా కంపెనీలో తైయిచి ఓనో పట్టాలెక్కించాడనీ, గాంట్ చార్టుకి ఆ పేరు హెన్రీ గాంట్ అనే ఇంజినీరు వల్ల వచ్చిందనీ, శుభలేఖ మోడళ్లు చూడ్డానికొచ్చిన పెళ్లికూతురి తండ్రికి కూడా చెబుతాడు. ఇదంతా కార్డు రేటులో కలుపుతారేమోనని బెంగపడుతూ వింటాడాయన.

ప్రెస్సులో జాబు నడిచే దారి చిన్నదే. కస్టమరు మ్యాటరిస్తాడు. డీటీపీ అమ్మాయి కంపోజ్ చేసి ప్రూఫ్ ఇస్తుంది. ప్రూఫ్ ఇంటికెళ్తే అందులో మేనమామ పేరు లేదని గొడవై తిరిగొస్తుంది. దిద్దాక ప్లేటు, ఆ తర్వాత మెషీను, లామినేషన్, కటింగు, డెలివరీ. అయితే ప్రూఫుకీ ప్లేటుకీ మధ్య ఇంకో మజిలీ ఉంది. ఎప్పుడో ఒకసారి తెల్లవారుజాము 3 గంటల ముహూర్తం కాస్తా మధ్యాహ్నం 3 గంటలైపోయి, వెయ్యి కార్డులు మళ్లీ వేయాల్సొచ్చింది. అప్పట్నుంచి ఓనరుగారు చూసి ఓకే అంటే తప్ప ఏ జాబూ ప్లేటుకి వెళ్లకూడదు. ఓనరుగారేమో చూడరు. ఆయనకి తీరిక ఉండదు. కొత్త సాఫ్ట్‌వేరు నేర్చుకుంటూ ఉంటారు.

ఈ సంగతి ప్రెస్సులో అందరికీ తెలుసు. ఆయనకి చెప్పే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్లకి ఆ మొహమాటం లేకపోయింది. అదే వాటి కొంప ముంచింది.

మొదట వచ్చింది ట్రెల్లో. 2011లో న్యూయార్కులో పుట్టిన సరుకు. నిలువు వరసల్లో కార్డులు పెట్టుకుని, పని సాగేకొద్దీ కార్డుని పక్క వరసలోకి జరుపుకుంటూ పోవడమే. శుభలేఖల ప్రెస్సుకి ఇంతకన్నా ఏం కావాలి? వారం తిరిగేసరికి మిగతా వరసల్లో రెండేసి మూడేసి కార్డులుంటే, 'ఓనరుగారి అప్రూవల్' అనే వరస మాత్రం కొండవీటి చేంతాడైంది. అడుగు కనబడే దాకా జరిపి జరిపి వేలు నొప్పెట్టి, "ఇందులో వరసలు మరీ పొడుగొస్తున్నాయి, మనకి సరిపడదు" అని తేల్చాడు.

తర్వాత ఆసనా. ఫేస్‌బుక్ పెట్టినవాళ్లలో ఒకడైన డస్టిన్ మోస్కోవిట్జ్ కంపెనీ అని రెండు రోజులు మురిశాడు. మూడో రోజు నించి గడువు దాటిన తారీఖులు ఎర్రగా కనబడ్డం మొదలైంది. "ఎరుపు ఎక్కువ వాడారయ్యా, కళ్లు లాగేస్తున్నాయి" అన్నాడు. "రంగుదేముందండీ బాబుగారూ, పక్కనున్న పేరు చూడండి" అన్నాడు, ఉద్యోగమంతా రంగుల మధ్యే గడిపిన మెషీన్‌మ్యాన్. ప్రతి ఎర్ర తారీఖు పక్కనా ఓనరుగారి గుండ్రటి ఫొటో నవ్వుతోంది. ఆయన ఆలోచించి, ఆ ఫొటో మార్చాడు.

ఆ తర్వాత జిరా. "పెళ్లి కార్డులకి జీలకర్ర మంచిదేలెండి, బెల్లం కూడా తెప్పించండి" అన్నారు బైండింగ్ సెక్షను ఆడవాళ్లు. జిరా పుట్టింది 2002లో, ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ తప్పుల్ని, అంటే బగ్గుల్ని, లెక్క పెట్టుకోడానికి. మనవాడు ఆ మాట మార్చకుండానే జాబులన్నీ ఎక్కించేశాడు. 'గుడివాడ పెళ్లి, బగ్, ప్రాధాన్యం హై.' 'తెనాలి గృహప్రవేశం, బగ్, మళ్లీ తెరిచారు.' ఓణీల ఫంక్షను కార్డొకటి రెండు స్ప్రింట్లు దాటినా పరిష్కారం కాలేదు. రోజూ పొద్దున్నే స్టాండప్ మీటింగ్ అని అందర్నీ వరసగా నిలబెట్టేవాడు. రోజంతా మెషీను దగ్గర నిలబడే మనిషి మెషీన్‌మ్యాన్. "ఈ కాసేపన్నా కూర్చుని మాట్లాడుకుందామండీ" అని బతిమాలాడు. రూలు ఒప్పుకోదన్నాడీయన. ఇంతా చేసి, ట్రెల్లోతో పడక జిరాకి వచ్చిన ఈ పెద్దమనిషికి, 2017లో ట్రెల్లోని 42.5 కోట్ల డాలర్లకి కొన్న అట్లాసియన్ కంపెనీదే జిరా కూడానని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సరదా పోతుంది.

సాఫ్ట్‌వేరు మార్చడానికీ ఒక కాలముంది. మూఢంలో పెళ్లిళ్లుండవు, మెషీన్లు ఖాళీ. ఆయన ధ్యాస ఇటు మళ్లేది అప్పుడే. అలా ఒక మూఢంలో మండే డాట్ కామ్ అనే ఇజ్రాయెల్ కంపెనీ సరుకు మీద మనసు పడి, పద్నాలుగు రోజుల ఉచిత ట్రయల్‌కి పేరిచ్చాడు. పేరైతే ఇచ్చాడు గానీ మూఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదాయె. ఉచితం రోజులు ఒక్కొక్కటే కరిగిపోతుంటే, వేలు తగలనీయకుండా చూస్తూ కూర్చున్నాడు. మూఢం విడిచింది. డబ్బు కట్టాడు, కంప్యూటరుకి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మూఢం విడిచింది ఆయనొక్కడికే కాదుగా! మాఘమాసం పెళ్లిళ్లవాళ్లంతా ఆ వారమే మ్యాటర్లు పట్టుకుని వచ్చిపడ్డారు. సరిగ్గా ఊపిరాడని వేళ ప్రెస్సంతా పాస్‌వర్డులు మర్చిపోయి కూర్చుంది. ట్రాలీ ఆటో డ్రైవరుకీ ఒక లాగిన్ ఉంది మరి. బండి కదిలినప్పుడల్లా 'దారిలో ఉంది' అని నొక్కమన్నారని, అతగాడు బెంజి సర్కిల్లో బండాపి మరీ నొక్కాడు. వెనకవాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయలేను.

ఇవన్నీ వస్తూ పోతూ ఉన్నంతకాలం అసలు పని వాట్సాప్ గ్రూపులో నడిచిపోయేది. దాన్ని మూసేయమని ఎన్నిసార్లు చెప్పాడో. "ఇక నుంచి అందరూ యాప్‌లోనే మాట్లాడాలి" అన్న కబురు కూడా ఆ గ్రూపులోనే పెట్టేవాడు.

చివరికి ఖర్చు తగిలింది. ఈ సరుకులకి మనిషికింత అని నెలనెలా డాలర్లలో కడుతూ వచ్చాడు. ఆటో డ్రైవరుకి డాలర్లేంటండీ అని ఆడిటర్ అడిగేసరికి, ఓనరుగారు తిరిగి ట్రెల్లో ఉచిత ప్లానుకే వచ్చాడు. వచ్చాక తెలిసింది, 2024 నుంచి ఉచితంగా ఒక వర్క్‌స్పేసులో పదిమందికే చోటని. ప్రెస్సులో పదకొండు మంది. ఎవర్ని తీసేయాలి? బైండింగువాళ్లని తీస్తే బాధపడతారు, డ్రైవరు ఇప్పుడిప్పుడే నేర్చుకున్నాడు. మంచివాడని ముందే చెప్పాను కదా. అడ్మిన్ పెత్తనం డీటీపీ అమ్మాయికి అప్పగించి, తనే బయటికొచ్చేశాడు. "నాకెందుకమ్మా లాగిను, సిస్టమంతా నా బుర్రలో ఉంది" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి 'ఓనరుగారి అప్రూవల్' వరస ఎత్తేసి, అక్కడ 'కస్టమరు ఓకే' అని పెట్టింది. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపుతుంది. కస్టమరు ఉత్త ఓకే అంటే చాలదు, ముహూర్తం తారీఖూ వేళా తన చేత్తో టైపు చేసి పంపాలి. అది రాగానే ప్లేటుకి పంపేస్తుంది. వైశాఖం పెళ్లిళ్ల కార్డులు ఒక్కటి మిగలకుండా వేళకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు ఓనరుగారు సాయంత్రాలు టీ కొట్టు దగ్గర ట్రెల్లో మహిమ చెబుతున్నాడు. లోపలికెళ్లి చూపించడానికి లాగిన్ లేదు గనక ఫోన్లో స్క్రీన్‌షాట్లు చూపిస్తాడు. మొన్న ఫ్లెక్సు షాపాయన శ్రద్ధగా విని, లెక్క వేసుకుని, "నేను కాక మా దగ్గర సరిగ్గా పదిమందండీ. నన్ను వదిలేస్తే ఉచితంలో సరిపోద్ది" అన్నాడు.

మనవాడు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అంత పని చేయకండి. రూపాయి పోతే పోయింది, ముందు మీ పేరు ఎక్కించుకోండి. ఓనరు ఓకే అనకుండా జాబు ఎలా కదులుద్దండీ?"