పిప్పి పిండే పండితులు

మా అన్న కొడుకు బెంగళూరు ఫ్లాటులో బీరు కాస్తాడు. లైసెన్సు లేకుండా కాస్తే అక్కడా నేరమే, ఇక్కడ మా చిలమత్తూరులోనూ నేరమే. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం "నీ ఎఫిషియెన్సీ ఎంత?" అని మాత్రం అడగదు. వాడికి లోకంలో అదొక్కటే ప్రశ్న.

మొన్న కొడికొండ చెక్‌పోస్టు దాటి చిలమత్తూరుకు వచ్చీ రాగానే ఉపన్యాసం మొదలెట్టాడు. నలగ్గొట్టిన బార్లీ మాల్టును 66 డిగ్రీల నీళ్ళలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెర అవుతుంది. ఆ తీపినీళ్ళు దించుకున్నాక గింజలకు అంటుకున్న దాన్ని వేడినీళ్ళతో కడిగి రాబట్టడమే స్పార్జింగ్. గింజ ఇవ్వగల చక్కెరలో ఎంత శాతం చేతికొచ్చిందన్నదే వాడి ఎఫిషియెన్సీ. ఇందులో రెండు మఠాలు. ఒకరు నీళ్ళన్నీ ఒక్కసారే కుమ్మరించి, కలియబెట్టి, దించేస్తారు. రెండోవారు గింజల పరుపు కదలకుండా, పైన వేలెడు నీళ్ళు నిలిచేలా గంటసేపు ధార పోస్తారు. శివుడికి కూడా అంత ఓపికగా అభిషేకం జరగదు. వాడిది అభిషేక మఠం.

"చిన్నాయనా, 75 నుంచి 80 శాతానికి పోయినా!"

లెక్క వేశాను. 20 లీటర్ల బీరుకు 5 కిలోల మాల్టు అనుకుంటే, వీడికి మిగిలింది సుమారు 300 గ్రాముల మాల్టు. దానికి ఆదివారం సగం పోయింది. కాచిన రసాన్ని చల్లార్చడానికి రాగి గొట్టంలో పారించి మోరీకి వదిలిన నీళ్ళు ఏ శాతంలోనూ కనబడవు. వెయ్యడుగుల బోరు వేసినా దుమ్ము లేచే ఊళ్ళో కూర్చుని దీన్ని సామర్థ్యం అనడానికి గుండె ఉండాలి. పైగా మాల్టు సరిగా నలక్కపోతే ఏ అభిషేకమూ ఆ శాతాన్ని లేపదు. ముందు మర చూసుకోరా అంటే వినడు. మర బిగించుకోవడంలో గొప్పేముంది?

అప్పుడు మా అమ్మ హిందూపురం చింతపండు పిసుకుతోంది. మొదటి రసం చిక్కగా వచ్చింది. పిప్పిలో నీళ్ళు పోసి రెండోది తీసింది.

"ఇంకా పులుపుంది అవ్వా, మళ్ళీ పొయ్యి" అన్నాడు వీడు.

"ఇంగ వొగరే వస్తాదప్పా" అని పిప్పి పక్కన పెట్టేసింది.

వాడి శాస్త్రమూ ఇదే చెబుతుంది. దిగే రసం సాంద్రత 1.010 కిందికి జారి, పీహెచ్ 6 దాటితే పొట్టులోని వగరు కూడా దిగుతుంది. నీళ్ళలో క్షారం ఎక్కువైతే ఇంకా తొందరగా. ఈ సంగతి తెలుసుకోవడానికి వాడికి హైడ్రోమీటరు కావాలి, అమ్మకు వేలు చాలు.

డిక్కీలోంచి కడిగేసిన గింజల సంచి దించాడు, ఎనుముకని. అమ్మ నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలి, ఉమ్మేసింది.

"అంతా పిండుకుంటివి కదప్పా, దానికేం మిగిలిస్తివి?"