ట్యాంకు శోధనం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యానికి కర్త, టీకాకారుడు ఒక్కరే. ఇట్లాంటిదాన్ని పెద్దలు స్వోపజ్ఞ వ్యాఖ్య అన్నారు. తానే రాసుకున్న పద్యంలో లేని అర్థాలను తానే తవ్వి తీసి, ఆహా అని తానే తల ఊపుకునే సౌకర్యం దీంట్లో ఉంది.

కడప జిల్లాకు టీకాలు కొత్త కావు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌను దొర బంగళాలో పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాళపత్రాలు సరిచూపించినాడు. ఆ బంగళా ఉన్న చోటే నేడు ఆయన పేరుతో గ్రంథాలయం నడుస్తోంది. శ్లేషల పుట్ట అయిన వసుచరిత్రకు వ్యాఖ్య రాయించి అచ్చు వేయించిన దొర తిరిగిన జిల్లాలో, పెట్రోలు ట్యాంకుకు రోంత టీకా రాస్తే తప్పు పట్టేవారుండరు.

సందర్భం: చాన్నాళ్లు కదలని కారు, లేదా వానలో తడిసిన కారు, లేదా వానాకాలంలో ఎక్కడో పెట్రోలు పోయించుకున్న కారు. తాళం తిప్పితే పలుకుతుంది, నాలుగడుగులు పోయి దగ్గుతుంది, ఆగుతుంది. డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతుంది.

మూలం

తేటగాను పైన తేలును పెట్రోలు
నీరు చేరు నడుగు నీడ్చు పంపు
నోట బీల్చబోకు నూరూళ్లు చెప్పినా
ఖాజిపేటవాసి! కారువాడ!

ప్రతిపదార్థం

ఖాజిపేటవాసి = ఖాజీపేట నివాసివైన; కారువాడ = ఓ కారు గలవాడా; పెట్రోలు = ఇంధనము; తేటగాను = నిర్మలముగా; పైన = ట్యాంకు పైభాగమున; తేలును = తేలియుండును; నీరు = జలమును, దానిని అంటుకొని పోయిన ఎథనాలును; అడుగున్ = అట్టడుగును; చేరున్ = చేరును; పంపు = ట్యాంకులో మునిగియుండు విద్యుద్యంత్రము; అడుగున్ = ఆ అడుగునే; ఈడ్చున్ = లాగును; నూరూళ్లు = వంద ఊళ్ల జనము; చెప్పినా = బోధించినను; నోటన్ = నోటితో; పీల్చన్ పోకు = పీల్చ యత్నింపకుము.

తాత్పర్యం

పైనున్నది బాగుందని మోసపోవద్దు. చెడ్డది అడుగున ఉంటుంది, ఇంజనుకు పోయేదీ అడుగుదే. కాబట్టి దించాల్సిందీ అడుగుదే. దించేది మాత్రం నోటితో కాదు.

విశేషాలు

ఖాజిపేటవాసి: వరంగల్లు పక్కన రైళ్లు కలిసే కాజీపేట అని కొందరు వ్యాఖ్యాతలు భ్రమపడవచ్చు. కాదు. ఇది కడప నుంచి మైదుకూరు పోయే దోవలో, కేసీ కాలువ పారే నేల మీద ఉన్న ఖాజీపేట. దీర్ఘం హ్రస్వమైంది గణాల కోసం.

తేటగాను: ఇక్కడ తేటదనమే కపటం. మూత తీసి తొంగిచూస్తే ఏమీ కనబడదు, వాసన చూస్తే పెట్రోలు వాసనే వస్తుంది. బంకుల్లో అడిగితే చేసి చూపే ఫిల్టరు కాగితం పరీక్షలో చుక్క ఆరి మరక మిగలకపోతే కిరోసినులాంటి కల్తీ లేదని తెలుస్తుంది గానీ, నీటి సంగతి అది చెప్పలేదు. ట్యాంకు అడుగు నుంచి తీసిన నమూనాను తెల్ల గాజుసీసాలో పోసి, కదపకుండా కాసేపు పెట్టాలి. మధ్యలో గీత ఏర్పడి రెండు పొరలు కనిపిస్తే వ్యాధి నిర్ణయమైనట్టే.

నీరు: ఈ ఒక్క మాటలో ఒక ప్రభుత్వ విధానమంతా ఇమిడింది. 2022 నాటికి దేశంలో పెట్రోలులో సగటున 10 శాతం ఎథనాలు కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం మొదలైంది. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. చెరకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే ఈ ఎథనాలు సారాయిలో ఉండేదే. దాని స్వభావమూ అదే: పెట్రోలుతో కాపురం చేస్తుంది గానీ, నీళ్లు కనబడితే వాటితో వెళ్లిపోతుంది. 10 శాతం కలిసిన పెట్రోలు దాదాపు వందకు అర పాలు నీటిని తనలో దాచుకోగలదు. 40 లీటర్లకు లెక్క వేస్తే పెద్ద గ్లాసెడు. ఎథనాలు పెరిగినకొద్దీ ఓర్పూ పెరుగుతుంది. ఆ ఓర్పు తీరిన క్షణాన నీరు ఒంటరిగా దిగదు, ఎథనాలును చెయ్యి పట్టుకుని దిగుతుంది. 35 లీటర్ల ఈ20లో ఎథనాలే 7 లీటర్లు. అందులో ఎక్కువ పాలు కిందికి దిగితే, కొద్దిపాటి నీళ్లు కాస్తా కొన్ని లీటర్ల అడుగుపొర అవుతాయి. పైన మిగిలిన తేటకు కూడా ఆక్టేను తగ్గిపోతుంది. అంటే పైది చూపుకు మంచిది, పనికి కాదు.

వానలు కురవని సీమలో నీరెక్కడిదని అడగవచ్చు. ఈ జిల్లాకు కరువు ఎంత తెలుసో, అక్టోబరు, నవంబరు వానలూ అంతే తెలుసు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన 2021 నవంబరును ఎవరూ మరిచిపోలేదు. వాన నీరు బంకు భూగర్భ ట్యాంకులోకీ దిగగలదు, బిగుతు వదిలిన మూత గుండా కారు ట్యాంకులోకీ దిగగలదు.

అడుగు నీడ్చు: పద్యంలో అడుగు ఒకటే ఉంది, పని రెండు చోట్ల చేస్తుంది. నీరు చేరేదీ అడుగే, పంపు ఈడ్చేదీ అడుగే. కాకికి కనుగుడ్డు ఒకటే, అది రెండు గుంటల్లోకీ తిరుగుతుందని చెప్పే కాకాక్షి న్యాయం ఇదే. యంత్రం కట్టినవారు చివరి చుక్క దాకా అందాలని పంపును అడుగున పెట్టినారు. మంచి రోజుల్లో అది గుణం, చెడ్డ రోజున అదే దోషం.

పంపు: పాతకాలపు కార్లలో చాలావాటికి ట్యాంకు అడుగున మర ఉండేది. విప్పితే కారిపోయేది. ఇప్పటి కారు పోయించుకోవడానికి ఒప్పుకుంటుంది, తీసుకుపోవడానికి ఒప్పుకోదు. మూత గొట్టంలో పైపు దూర్చితే చాలా కార్లలో లోపలి కవాటానికి తట్టుకుని నిలుస్తుంది. బండి పల్టీ కొట్టినా పెట్రోలు బయటికి రాకూడదని పెట్టిన అడ్డు అది. కాబట్టి దారులు రెండే. ఒకటి, ఇంజను దగ్గర ఇంధన గొట్టం విప్పి, కారు పంపుతోనే బయటికి తోయించడం. రెండు, చాలా చిన్న కార్లలో వెనక సీటు ఎత్తితే కనిపించే మూత తీసి, పంపును పైకి లాగి, ఆ రంధ్రం గుండా చేతిపంపుతో తోడటం. కొన్ని కార్లలో ఆ మూత కూడా ఉండదు, ట్యాంకునే కిందికి దించాలి. అది ఇంటి ముందర చేసే పని కాదు.

మొదటి దారికి నియమం: గొట్టంలో దాదాపు మూడు బార్ల ఒత్తిడి ఉంటుంది, విప్పినవాడి కళ్లలోకి చిమ్ముతుంది. ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట ఆగేదాకా తిప్పి ఒత్తిడి తగ్గించాలి. ఫ్యూజు మళ్లీ పెట్టి తోయించేటప్పుడు పంపు ఖాళీగా తిరగకూడదు, దానిని చల్లబరిచేది అది తోసే పెట్రోలే. పంపు తోయలేని అడుగు కోసం రెండో దారి పట్టక తప్పదు. అప్పుడు బ్యాటరీ మైనస్ తీగ విప్పి, కారు తలుపులన్నీ తెరిచి ఉంచాలి.

నోట: పూర్వం స్కూటరువాళ్లు చేసిన విద్య ఇది. పెట్రోలు కడుపులోకి కన్నా ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. కొద్దిగా పోయినా అక్కడ వాపు తెస్తుంది. మింగినవాడిని కక్కించకూడదు, కక్కేటప్పుడే మళ్లీ ఊపిరిలోకి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

నూరూళ్లు: బీడీ ఆర్పకుండా సలహా చెప్పేవారు ఇందులో చేరుతారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, కడప బండల వాకిలి మీద పాకి వంటింటి పొయ్యి దాకా వెతుక్కుంటూ పోతుంది. సున్నాకు 40 డిగ్రీలు కింద ఉన్నా అంటుకోగల ఆవిరి, మే నెల కడప ఎండలో ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. పని బయలులో, పొద్దున్నే, చల్లారిన ఇంజనుతో చెయ్యాలి. డబ్బా నేల మీద పెట్టి నింపాలి, చేతిలో పట్టుకుని కాదు.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: "రోంత నీళ్లే గదప్పా! ఫుల్ ట్యాంకు పోయిస్తే కలిసిపోదా?"
సమాధానం: విడిపోకముందు రోంత తేమకు అది చెల్లవచ్చు. విడిపోయినాక ట్యాంకులో కవ్వం పెట్టి చిలికేవారు లేరు. కొత్తది పైన నిలుస్తుంది, పంపు అడుగుదే తాగుతుంది.

ఆక్షేపం: "సగం దించినాం గదన్నా, ఇంగ సాలు."
సమాధానం: మెకానిక్కు నోట వచ్చే సిద్ధాంతం ఇది: "దించింది పైదే గదన్నా. నీ బండిని నిలబెట్టింది ఇంగా లోపలే ఉంది."

ఆక్షేపం: దించినదాన్ని ప్లాస్టిక్ నీళ్ల క్యానులో పెట్టుకోవచ్చునా?
సమాధానం: దీనికి ప్రమాణం 1934 నాటి పెట్రోలియం చట్టం. అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. గాజు, పింగాణీ పాత్ర లీటరుకు మించకూడదు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించకూడదు. సూత్రకారుడు ఎక్కడా ప్లాస్టిక్ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనే న్యాయం ఇక్కడ పనిచేయదు. పాత ఆల్టో 800 ట్యాంకు నిండా ఉంటే 35 లీటర్లు. దించేముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఆక్షేపం: మరి పారబోయవచ్చునా? బైకులో పోయవచ్చునా?
సమాధానం: కాలువలో పోస్తే కింది మడికి పోతుంది, బైకులో పోస్తే జబ్బు కారు నుంచి బైకుకు పోతుంది. పెద్ద వర్క్‌షాపుకు అప్పగించడమే శిష్టాచారం. తరువాత ట్యాంకు అడుగు తుడిచి, కొత్త పెట్రోలు నాలుగైదు లీటర్లు పోసి, తాళం రెండు మూడు మార్లు తిప్పి ఆపి, గొట్టం నిండినాక స్టార్టు చేయాలి.

ఫలశ్రుతి

ఈ టీకాను కడదాకా చదివి, తమ చేతి మీద నమ్మకం ఉన్నవారు తామే, లేనివారు మెకానిక్కును పిలిచి ట్యాంకు దించినచో, ఇంజెక్టర్లు చాన్నాళ్లు బాగుంటాయి. సగం చదివి లేచినవారికి సగం దించిన ఫలమే.