ఫలితప్రకటన – సంజీవనీ వ్యాఖ్య

మూలం:

“మా ఉగాది అంతర్జాల కథల పోటీకి అనూహ్య స్పందన లభించింది. ‘మానవ సంబంధాలు’ ఇతివృత్తంగా వచ్చిన కథలన్నీ ఒకదాన్ని మించి మరొకటి ఉన్నాయి. విజేతల ఎంపిక న్యాయనిర్ణేతలకు కత్తిమీద సామే అయింది. బహుమతి రానివారు నిరుత్సాహపడవద్దు. తుది నిర్ణయం న్యాయనిర్ణేతలదే. ఈ విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.”

అవతారిక:

మెదక్ దగ్గర కొల్చారం ఊరివాళ్ళు మావాడని చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసు వాక్కు దుర్వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే సంజీవని రాస్తున్నాననీ అన్నాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కూడా మాటిచ్చాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు కాబట్టి ఆ మాట చెల్లింది. మాకు దొరికినవి పై ఆరు వాక్యాలు. ఇక్కడ మూర్ఛపోయింది మూలం కాదు, కథ పంపినవాడు. మొదటి ప్రతిజ్ఞ మేమూ పాటిస్తాం. రెండోది పాటిస్తే వ్యాఖ్య ఇక్కడే ఆపాలి.

ప్రతిపదార్థం:

స్పష్టం. (కష్టమైనచోట ‘స్పష్టం’ అని రాసి దాటెయ్యడం వ్యాఖ్యాతల హక్కు. దాన్ని మేం వదులుకోం.)

అనూహ్య స్పందన:

ఎన్ని కథలు వచ్చాయని అడగకూడదు. ఇది అర్థవాదం. వాయువు అందరికన్నా వేగం గల దేవత అని వేదం అన్నప్పుడు, అది ఎవరో వేగం కొలిచి చెప్పిన మాట కాదనీ, వాయువుకు యాగం చెయ్యమన్న విధిని పొగడడానికి పుట్టిన మాట అనీ మీమాంసకులు తేల్చారు. ఇక్కడ విధి: ‘వచ్చే ఏడూ పంపండి.’ తక్కినదంతా స్తుతి.

ఒకదాన్ని మించి మరొకటి:

మూడు కథలున్నాయనుకుందాం. మొదటిది రెండోదాన్ని మించింది. రెండోది మూడోదాన్ని. మరి మూడోది దేన్ని మించాలి? మొదటిదాన్నే అంటే చక్రకం. లేదు, నాలుగోదాన్ని అంటే దానికో ఐదోది కావాలి; అనవస్థ. పోటీకి రెండే కథలొస్తే అన్యోన్యాశ్రయం. ఒకటే వస్తే అది తన్ను తానే మించాలి కనుక ఆత్మాశ్రయం. ఏ దారిన పోయినా తర్కంలో ఏదో ఒక దోషం దొరుకుతుంది గానీ మొదటి బహుమతి దొరకదు. అయినా బహుమతి ఇచ్చారంటే, ఏదో ఒక కథ దేన్నీ మించలేదని ఎవరికో తెలుసన్నమాట. తెలిసినవాళ్ళు చెప్పరు.

ఈ వాక్యం రాసినాయన ఇంత ఆలోచించి ఉండడు. రాత్రి పొద్దుపోయాక నిరుడు పెట్టిన ప్రకటన తెరిచి, ‘క్రోధి’ ఉన్నచోట ‘విశ్వావసు’ అని మార్చాడు. కిందనున్న శుభాకాంక్షల్లో మార్చడం మరిచాడు.

మానవ సంబంధాలు:

ఇతివృత్తమిచ్చి రాయమనడం మనకు కొత్త కాదు. సమస్యాపూరణం అదే కదా. తల్లి కొడుకును చంపి ఊరందరికీ పండగ చేసిందన్న అర్థం వచ్చేట్టు పృచ్ఛకుడు ఒక పాదం పడేస్తాడు. సభలో గుసగుస. అవధాని సత్యభామనూ నరకాసురుణ్ణీ పిలుచుకొచ్చి మిగతా మూడు పాదాల్లో దీపావళి చేసేస్తాడు. నియమం గొంతు పట్టుకోవాలి, కవి తప్పించుకోవాలి, చూసేవాడికి ఆ గింజులాట కనబడాలి. ‘మానవ సంబంధాలు’ ఎవరి గొంతు పట్టుకుంటుంది? మనుషులు లేని కథ రాసినవాడిదొక్కడిదే.

నిషిద్ధాక్షరి ఇంకా బాగుంటుంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి అది కూడదంటాడు పృచ్ఛకుడు. అంటే అవధానికి ఎంత సాహిత్యం తెలియాలో అడ్డుపడేవాడికీ దాదాపు అంత తెలియాలి. దత్తపదిలో పొసగని నాలుగు మాటలిచ్చి భారతార్థంలో చెప్పమంటారు. పక్కన గంటలు మోగుతుంటాయి, అవి లెక్కపెట్టాలి. ఇంకొకాయన అప్రస్తుత ప్రసంగం పేరుతో, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర అని అడుగుతుంటాడు. అన్నీ పక్కపక్కనే, అందరి ఎదుటే. తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచి, తమను గెలిచినవాడుంటే ఆ మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే సవాలు విసిరారు. మీసానికి సాహిత్యంలో అంతకు ముందూ తర్వాతా అంత గౌరవం దక్కలేదు. వేంకట రామకృష్ణ కవులతో వాళ్ళకు నడిచిన వాదంలోంచి ‘గీరతం’ అనే పుస్తకమే పుట్టింది. పెద్దమనుషులు ఆ ధాటికి చెవులు మూసుకుని ఉంటారు. కానీ అలాంటి వాదాల్లో ఏ యతి చెడిందో, ఏ ప్రయోగం తప్పో చెప్పి మరీ తిట్టేవారు. తిట్లు తిన్నవాడికి ఒక నిశ్చయం ఉండేది: అవతలివాడు నా పద్యం చదివాడు.

మాకు కావలసిందీ అదొక్కటే. దాని సంగతి చివర్లో చెప్తాం.

కత్తిమీద సాము:

సాము జరిగింది ఎక్సెల్ షీటులో. ముందు వడపోత ఉంటుంది. ఎవరు వడపోశారో ఎక్కడా రాయరు. మిగిలిన కథలు ముగ్గురు న్యాయనిర్ణేతలకు వెళ్తాయి. ఇతివృత్తం, శిల్పం, భాష అని గడులుంటాయి. పదికి మార్కులు వేస్తారు. తర్వాత కూడిక.

విశేషం: ఒక కథకు ఇద్దరు తొమ్మిదేసి వేశారు, మూడో ఆయనకు ఒళ్ళుమండి మూడు వేశాడు. మొత్తం 21. ఇంకో కథకు ముగ్గురూ ఏడు, ఏడు, ఎనిమిది వేశారు. మొత్తం 22. రెండోదే గెలిచింది. ఎవరికీ నిద్రపట్టనివ్వని కథ, ఎవరికీ అభ్యంతరం లేని కథ చేతిలో ఓడిపోయింది. ఆ తొమ్మిది వేసిన ఇద్దరూ, మూడు వేసిన ఆయనా ఒక గంట పోట్లాడుకుని ఉంటే అసలు సాము అది. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోనే లేదు. ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో, ఒకరు విశాఖలో ఉండి ఎవరి గడులు వాళ్ళు నింపారు.

1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు వచ్చింది రెండో బహుమతి. మొదటిది ఎవరిదో మనలో ఎంతమంది చెప్పగలరు? అదే ‘గాలివాన’ ఈ పోటీకి వచ్చి, తర్వాత జూమ్‌లో చర్చకు పెడితే ఏమయ్యేదో మాకు తెలుసు. మొదటి వక్త కథంతా మళ్ళీ చెప్తారు: రావుగారు రైలెక్కడం, బిచ్చగత్తె రావడం, స్టేషనులో తుఫాను, ఏదీ వదలరు. రెండో వక్త, నా ముందు మాట్లాడినవారు అన్నీ చెప్పేశారంటూ ఇరవై నిమిషాలు మాట్లాడతారు. మూడో వక్త పెదవులు కదులుతుంటాయి. “అండీ, మ్యూట్‌లో ఉన్నారు” అని నలుగురు అరుస్తారు. గొంతు వచ్చాక అడుగుతారు: “ఇందులో సమాజానికి సందేశం ఏముందండీ? బిచ్చగత్తెను చంపకుండా ఉండాల్సింది.” ఇంకొకావిడకు ఆ తుఫాను చదివి వాళ్ళ అమ్మమ్మ గుర్తొస్తుంది. దివిసీమ ఉప్పెనలో ఆ అమ్మమ్మ గేదె పలుపు పట్టుకుని తెల్లార్లూ గట్టుమీద కూర్చున్న సంగతి చెప్తుంది. ఆ సాయంత్రం మొత్తానికి కథంటే అదొక్కటే. పోటీకి రాలేదు గనక దానికి మార్కుల్లేవు.

నిరుత్సాహపడవద్దు: సులభం.

తుది నిర్ణయం: ఇదీ సులభమే.

ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు:

జరగడానికి అవకాశం ఉన్నదాన్నే నిషేధించాలి, లేనిదాన్ని నిషేధిస్తే వాక్యం వ్యర్థమని శాస్త్రం. కాబట్టి ఎవడో ఒకడు అడుగుతాడని నిర్వాహకులకు ముందే తెలుసు. వాడేం అడుగుతాడు? నాకు బహుమతి ఎందుకివ్వలేదని కాదు. అడిగేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళను మేమూ ఎరుగుదుం; వాళ్ళకోసం మిగతావాళ్ళ నోళ్ళు కుట్టారు. వాడు అడిగేది ఒక వాక్యం. చదివారా? ఎక్కడ ఆపారు? మూడో పేజీలో విసుగొచ్చి ఆపేశామన్నా చాలు, నాలుగో పేజీ కొట్టేసుకుంటాడు. ముగింపు ముందే తెలిసిపోయిందన్నా చాలు. గడుల్లో అంకె వేసిన చేతికి పక్కన ఆరు మాటలు రాయడం బరువా?

గద్య:

ఇది సకల పోటీ నిబంధనా పారంగతుండును, పీడీఎఫ్ పరిత్యాగ యూనికోడ్ లేఖన ధురంధరుండును, స్వీయరచన యనియు అనువాదానుకరణంబులు గావనియు హామీపత్ర పరంపరలు సమర్పించినవాడును, ఫలితంబులు వెలువడుదాక మరెచ్చటికిని పంపరాదను కట్టడిచే చెరబడిన కథలకు జనకుండును, అవి సాధారణ ప్రచురణకైనను స్వీకరింపబడెనో లేదో నేటికిని ఎరుగనివాడును అగు వ్యాఖ్యాతచే ప్రణీతంబైన ఫలితప్రకటనా సంజీవని సమాప్తము.

దీపావళి పోటీకి గడువు తేదీ తెలిసినవారు తెలుపగలరు.